తోలుకు నూనె పెట్టిన చేతులు

జంషెడ్‌పూర్ పక్కనున్న మాంగోలో తోలు జాకెట్ వేసుకునే కాలం ఏడాదికి రెండు నెలలకు మించదు. దల్మా కొండల మీంచి చలిగాలి దిగి, తెల్లవారుజామున సువర్ణరేఖ వంతెన మీద బైకు నడిపేవాడి వేళ్లు కొంకర్లు పోయే డిసెంబరు, జనవరి నెలలవి. మిగతా పది నెలలూ జాకెట్ బీరువాలోనే ఉంటుంది. దానికి గండం వచ్చేదీ ఆ పది నెలల్లోనే. ఏప్రిల్, మే వడగాలికి తోలులోని తడీ జిడ్డూ హరించుకుపోతాయి. జూన్‌లో పట్టిన వాన సెప్టెంబరు దాకా వదలదు. దసరా వెళ్లాక బీరువా తెరిస్తే కాలరు మీద, చంకల కింద, జేబు మడతల్లో తెల్లగా బూజు పట్టి ఉంటుంది.

వేలకు వేలు పోసి కొన్న వస్తువు నాలుగు వానాకాలాలకే పాడైపోతే కొన్నవాళ్లు కంపెనీని తిడతారు. నిజానికి తోలును వానలో, ఎండలో, చెమటలో ఎలా బతికించాలో ఈ దేశానికి ఎప్పుడో తెలుసు. తెలిసినవాళ్లను ఊరి చివర ఉంచి, వాళ్ల విద్యను మాత్రం ఊరంతా వాడుకుంది. జాకెట్ సంరక్షణ చరిత్ర రాయాలంటే అక్కణ్నుంచే మొదలుపెట్టాలి. అయితే ముందు మాంగో ఇరుగుపొరుగునే నడిచిన ఒక కథ ఉంది.

జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారంలో తొలి ఉక్కు 1912లో తయారైంది. సాక్చి అనే పల్లె చుట్టూ పెరిగిన ఆ పట్నానికి 1919లో జంషెడ్‌జీ టాటా పేరు పెట్టారు. నదికి ఈవలి ఒడ్డున ఉన్న మాంగో కంపెనీ పట్నంలో భాగం కాదు. ఊరు పెరిగేకొద్దీ వంతెన దాటి వచ్చి ఇళ్లు కట్టుకున్నవాళ్లతో నిండిన పేట అది. బెంగాల్ నాగపూర్ రైల్వే పట్టాల వెంట శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల నుంచి ఖరగ్‌పూర్‌కూ, అక్కణ్నుంచి టాటానగర్‌కూ వచ్చిన తెలుగువాళ్లు ఈ పట్నంలో తరాలుగా ఉన్నారు. బిస్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం కట్టుకున్నది వాళ్లే.

మాంగో ఉన్న తూర్పు సింగ్‌భూమ్ జిల్లాలోనే, టాటానగర్ నుంచి ఖరగ్‌పూర్ వెళ్లే రైలు దారి మీద చాకులియా అనే చిన్న ఊరు ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944లో, అమెరికా వైమానిక దళం అక్కడి విమానాశ్రయంలో దిగింది. 40వ బాంబర్ దళానికి చెందిన బి-29 విమానాలు అక్కడే ఉండేవి. ఖరగ్‌పూర్, దూధ్‌కుండి, పియర్‌డోబాల్లో మిగిలిన దళాలు మకాం వేశాయి. ఆ ఏడు జూన్ 5న ఈ చుట్టుపక్కల స్థావరాల నుంచి ఈ విమానాలు లేచి బ్యాంకాక్ మీద బాంబులు వేశాయి. పది రోజుల తర్వాత హిమాలయాలకు అవతల చైనాలోని చెంగ్డూ నుంచి ఎగిరి జపాన్‌లోని యవాటా ఉక్కు కర్మాగారాన్ని గురిపెట్టాయి. ఒక ఉక్కు పట్నం పక్కన మకాం వేసిన విమానాలు ఇంకో ఉక్కు పట్నాన్ని కొట్టడానికి వెళ్లాయన్నమాట.

ఆ వైమానికుల ఒంటి మీద ఉండే జాకెట్ పేరు ఎ-2. 1931లో అమెరికా సైన్యం ఖాయం చేసిన నమూనా అది. ముందు జిప్పు, నడుము దగ్గరా మణికట్టు దగ్గరా అల్లిక పట్టీ, రెండు జేబులు. ఎక్కువగా గుర్రపు తోలుతో కుట్టేవారు. 1943లో సైన్యం కొత్తవి కొనడం మానేసి గుడ్డ జాకెట్లకు మారింది. అయినా చేతికొచ్చిన ఎ-2ను వదులుకోవడానికి వైమానికులు ఒప్పుకోలేదు. చైనా, బర్మా, ఇండియా రంగంలో పనిచేసినవాళ్లు ఆ జాకెట్ల మీద తోలుతోనే చేసిన బిళ్లలు కుట్టించుకునేవారు. ఎరుపు, తెలుపు చారల మీద నీలం పట్టీ, అందులో ఒక పక్క చైనా సూర్యుడు, ఇంకో పక్క భారతదేశపు నక్షత్రం. రంగు రంగుల తోలు ముక్కలు విడివిడిగా కోసి, ఒకదాని మీద ఒకటి పేర్చి కుట్టిన ఆ బిళ్లల్లో చాలావాటిని చేసింది ఇక్కడి చేతులే. ఇవాళ పాత వస్తువులు సేకరించేవాళ్లు వాటిని మంచి ధరకు కొంటున్నారు. ఏ బిళ్ల ఏ దళానిదో వాళ్లు ఇట్టే చెబుతారు. కుట్టిన మనిషి పేరు మాత్రం ఏ బిళ్ల మీదా లేదు.

తెలుగు నేల మీద తోలుపని చేసిన మాదిగల సంగతీ అంతే. పేర్లు మిగల్లేదు, పని మిగిలింది.

ఆ పనికి కేంద్రం లంద. తోళ్లు నానబెట్టే తొట్టినీ, గోతినీ, ఆ చోటునీ కలిపి లంద అనేవారు. చచ్చిన పశువు తోలును ఒలిచి, కడిగి, ముందు సున్నపు నీళ్లలో వేస్తారు. సున్నం వెంట్రుక మొదళ్లను వదులు చేస్తుంది, తోలును ఉబ్బిస్తుంది. దుంగ మీద పరిచి మొద్దు కత్తితో గీకితే వెంట్రుకలు ఊడి వస్తాయి. తిరగేసి లోపలి పొర మీది మాంసం, కొవ్వు తీసేస్తారు. సున్నం పూర్తిగా పోయేదాకా మళ్లీ మళ్లీ కడుగుతారు. సున్నం మిగిలిపోతే తోలు పెళుసుబారుతుందని వాళ్లకు ఏ పుస్తకమూ చెప్పలేదు. తర్వాత తంగేడు చెక్క. ఎండిన తంగేడు బెరడును దంచి నీళ్లలో నానబెడితే దిగే కషాయంలో తోలు వారాల తరబడి ఊరాలి. పలచటి కషాయంతో మొదలుపెట్టి చిక్కటిదానికి మార్చాలి. మొదటే చిక్కటిది పోస్తే పై పొర బిగిసిపోయి లోపలి పొర పచ్చిగా ఉండిపోతుంది. కొన్నిచోట్ల తోలును సంచిలా కుట్టి, లోపల చెక్క, కషాయం నింపి వేలాడదీసేవారు. లోపలి నీరు తోలులోంచి ఊరి బొట్లుబొట్లుగా కారుతుంటే మళ్లీ పైనుంచి పోస్తూ ఉండేవారు.

తంగేడుతో ఊరిన తోలుకు ఒక లోపం ఉంది. వెలుతురు తగిలితే ఎర్రబారుతుంది. దానికి విరుగుడుగా చివర్లో కరక్కాయ నీళ్లు పట్టించేవారు. ఆపైన నూనె. కానుగ నూనో, నువ్వుల నూనో, ఆముదమో చేతిలోకి తీసుకుని, ఇంకా తడిగా ఉన్న తోలుకే రుద్దేవారు. నీరు ఆరిపోతున్నకొద్దీ ఆ ఖాళీల్లోకి నూనె దిగుతుంది. పీచుకూ పీచుకూ మధ్య అది లేకపోతే ఆరిన తోలు అట్టలా బిగుసుకుంటుంది. నీడలో ఆరబెట్టడం, ఆరుతుండగానే చేత్తో సాగదీస్తూ మెత్తబరచడం ఆఖరి పని. ఈ వాసన భరించలేమని ఊరు వాళ్లను దూరంగా ఉంచింది. బతుకమ్మ పేర్చడానికి తంగేడు పువ్వును తలకెత్తుకున్న తెలంగాణ దాన్ని రాష్ట్ర పుష్పంగా ప్రకటించుకుంది. ఆ చెట్టు బెరడుతో శతాబ్దాల పాటు తోలు పదును చేసినవాళ్ల విద్యకు అంత గౌరవం దక్కలేదు. ఇది సరిదిద్దుకోవాల్సిన అన్యాయం.

ఆ తోలుతో చెప్పులొక్కటే కాదు, వ్యవసాయమే నడిచింది. కోస్తా, రాయలసీమల్లో కపిల, తెలంగాణలో మోట అని పిలిచిన సేద్యంలో ఎడ్లు వాలు మీదికి దిగుతుంటే బావిలోంచి నీళ్లు పైకి తెచ్చేది తోలు తొండమే. పొద్దస్తమానం నీళ్లలో మునుగుతూ, రాతికి రాచుకుంటూ, రాత్రి ఎండుతూ, మర్నాడు మళ్లీ తడిసే తోలు అది. తోలుకు ఇంతకంటే కఠిన పరీక్ష ఉండదు. నూనె పట్టించడం, చిరుగు కుట్టడం, అరిగిన ముక్క మార్చడం మాదిగ కుటుంబం బాధ్యత. అందుకు కళ్లంలో మేర కింద గింజలు కొలిచి ఇచ్చేవారు. వస్తువు అమ్మి చేతులు దులుపుకునే బేరం కాదది. వస్తువు బతికినంతకాలం దాన్ని చేసినవాడే చూసుకునే ఏర్పాటు. కొలత న్యాయంగా ఉండేదా అంటే, లేదు. కానీ వస్తువును చేసిన చెయ్యే దాన్ని కాపాడాలన్న పద్ధతి మాత్రం అందులో ఉంది.

మోట తొండం దగ్గరే తోలు చరిత్ర ఒక మలుపు తిరిగింది. క్రోమియం లవణాలతో తోలు పదును చేసే పద్ధతికి 1884లో న్యూయార్క్‌లో అగస్టస్ షుల్ట్జ్ పేటెంట్ తీసుకున్నాడు. వారాల పని గంటలకు తగ్గింది. ఆ పద్ధతిని 1903 ప్రాంతంలో మద్రాసు ఆర్ట్స్ స్కూల్లో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ ప్రయోగాలకు తీసుకున్నాడు. ఆయన మొదట దృష్టి పెట్టింది బూట్ల మీద కాదు, జాకెట్ల మీద అసలే కాదు, బావి దగ్గరి తోలు తొండం మీద. చెక్క కషాయంతో చేసిన తోలు నిరంతరం తడిలో ఉంటే అందులోని సారం కొట్టుకుపోయి కుళ్లుతుంది. క్రోమ్ తోలుకు ఆ బాధ తక్కువ. రైతు బొక్కెన ఎక్కువకాలం మన్నాలన్న ఆలోచనతో మొదలైన పని అక్కడ ఆగలేదు. 1912లో ఛాంబర్స్ అనే వ్యాపారి మద్రాసు శివారులో క్రోమ్ లెదర్ కంపెనీ పెట్టాడు. చెన్నైలోని క్రోమ్‌పేటకు ఆ పేరు వచ్చింది ఆ కంపెనీ వల్లే. ఇవాళ అంగళ్లలో దొరికే మెత్తటి తోలు జాకెట్లలో దాదాపు అన్నీ క్రోమ్ తోలువే.

జాకెట్ మాత్రం అమెరికాలో వేరే దారిన పెరిగింది. 1928లో న్యూయార్క్‌లో షాట్ సోదరులు మోటారుసైకిలు నడిపేవాళ్ల కోసం జిప్పు పెట్టి కుట్టిన పర్‌ఫెక్టో ఇప్పటికీ కుడుతున్నారు. అప్పటి ధర ఐదున్నర డాలర్లు.

మళ్లీ ఇక్కడికి వస్తే, మద్రాసు ప్రెసిడెన్సీ తోళ్లు పందొమ్మిదో శతాబ్దం నుంచే ఇంగ్లండ్‌కు ఓడలెక్కేవి. అయితే అవి సగం తయారైన తోళ్లు. వాటికి రంగు, మెరుగు పెట్టి బూట్లూ కోట్లూ కుట్టి లాభం తీసుకున్నది అక్కడివాళ్లు. ఈ పరిస్థితి మార్చాలని జీవితాంతం పనిచేసిన శాస్త్రవేత్త తెలుగువాడు. తెనాలి దగ్గరి యలవర్రులో 1922లో రైతు కుటుంబంలో పుట్టిన యలవర్తి నాయుడమ్మ, తోలు పేరెత్తితే ముక్కు మూసుకునే రోజుల్లో కావాలని ఆ శాస్త్రాన్నే ఎంచుకున్నాడు. అమెరికాలో లీహై విశ్వవిద్యాలయంలో చదివి వచ్చి, 1948లో మద్రాసు అడయారులో శంకుస్థాపన జరిగిన కేంద్రీయ తోలు పరిశోధన సంస్థలో చేరాడు. 1958 నుంచి 1971 దాకా దానికి డైరెక్టరు. చెక్క కషాయం తోలు పీచును ఎలా పట్టుకుంటుందన్నది ఆయన పరిశోధించిన విషయాల్లో ఒకటి. లందలో ముత్తాతల నాటి నుంచి చేతికి తెలిసిన పనికి ఆయన ప్రయోగశాలలో కారణం వెతికాడు. అక్కడ తెలిసింది పట్టుకుని మళ్లీ పల్లెలకే వెళ్లాడు. 1970ల్లో దేశ శాస్త్ర పరిశోధన మండలి అధిపతిగా కరీంనగర్ జిల్లాను ఎంచుకుని, ప్రయోగశాలల్లోని పనిని గ్రామాలకు చేర్చే పథకం నడిపించాడు. ఆ దశకం మొదట్లోనే సగం తయారైన తోళ్ల ఎగుమతికి కేంద్రం పరిమితులు పెట్టింది. తోలు ఇక్కడే పూర్తిగా తయారై ఇక్కడే బూటుగా, సంచిగా, జాకెట్‌గా మారే పరిశ్రమ అప్పటినుంచి బలపడింది. 1985 జూన్ 23న ఎయిరిండియా కనిష్క విమానం అట్లాంటిక్ మీద పేలిపోయినప్పుడు అందులో నాయుడమ్మ ఉన్నాడు.

మాంగోకు దగ్గరి తోలు నగరం కోల్‌కతా. రైల్లో పూట ప్రయాణం. ట్యాంగ్రాలో హక్కా చైనీయులు నడిపిన తోలు కార్ఖానాలు చాలాకాలం అక్కడి వాణిజ్యానికి వెన్నెముక. కాలుష్యం కారణంగా నగరంలోని కార్ఖానాలు బయటికి పోవాలని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. బంతలాలో కొత్త సముదాయం లేచింది. తోలు సంచులకే కాక, వెల్డింగు పనిలోనూ కొలిమి పనిలోనూ వేసుకునే తోలు చేతితొడుగులకు కోల్‌కతా పేరు పొందింది. జంషెడ్‌పూర్ లాంటి ఉక్కు పట్నంలో తోలు ముందు వేడి నుంచి ఒంటిని కాపాడే కవచం. చలికి వేసుకునే సోకు తర్వాతి సంగతి.

ఇక జాకెట్ దగ్గరికి వద్దాం. లందలో జరిగింది తెలిస్తే జాకెట్‌ను ఎలా చూసుకోవాలో సగం తెలిసినట్టే.

మొదట అది తోలేనా అని చూడాలి. చలికాలపు బజారులో తోలు పేరుతో అమ్మేవాటిలో చాలా భాగం రెక్సిన్ జాతివి. గుడ్డ మీద ప్లాస్టిక్ పూత అది. ఉక్క వాతావరణంలో ఆ పూత కొన్నేళ్లకు తనంతట తానే విడిపోయి పొలుసుల్లా రాలుతుంది. ఏ నూనే దాన్ని నిలబెట్టదు. జేబు లోపలి అంచో, కుట్టు మడత వెనకో తిప్పి చూస్తే తెలుస్తుంది. తోలైతే అంచున పీచు కనిపిస్తుంది. రెక్సిన్‌కైతే కింద గుడ్డ నేత కనిపిస్తుంది.

వానలో తడిసిన జాకెట్‌ను పొయ్యి దగ్గరో హీటరు ముందో పెట్టడం అన్నిటికంటే పెద్ద తప్పు. డప్పు వాయించేవాళ్లు దాన్ని మంట దగ్గర కాచి బిగిస్తారు కదా అనిపించవచ్చు. డప్పుకు మూసింది పదును పెట్టని పచ్చితోలు. తడి పోతే అది బిగిసి కంగున మోగుతుంది. జాకెట్‌కు ఆ బిగువే చావు. తడిసిన పచ్చితోలు పీచు అరవై, అరవై ఐదు డిగ్రీల వేడికే ముడుచుకుపోతుంది. తంగేడు కషాయం తాగిన తోలు ఇంకొంచెం ఓర్చుకుంటుంది. క్రోమ్ తోలు మరిగే నీటిని కూడా తట్టుకోగలదు, కానీ ఆ వేడికి దానిలోని నూనె, పై రంగు తట్టుకోవు. అందుకే పొడి నూలు గుడ్డతో అద్ది, వెడల్పు భుజాల హ్యాంగరుకు తగిలించి, ఫ్యాను గాలికి నీడలో ఒకటి రెండు రోజులు వదిలేయాలి. మాదిగవాడలో తోళ్లు ఆరింది నీడలోనే.

తెల్లటి పొర కనిపించగానే అది బూజే అనుకోకూడదు. తోలులోని కొవ్వు పైకి తేలినా అలాగే కనిపిస్తుంది. దానికి బూజు వాసన ఉండదు, కాస్త వెచ్చటి గాలి తగిలితే కరిగి మాయమవుతుంది. బూజైతే చుక్కలు చుక్కలుగా ఉంటుంది, వాసన పట్టిస్తుంది. దాన్ని ఇంటి లోపల దులపకూడదు, మిగతా బట్టలకు పాకుతుంది. వరండాలో మెత్తటి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డ పారేసి, జాకెట్‌ను గాలికి ఆరబెట్టాలి. గాల్లో తేమ డెబ్బై శాతం దాటి నిలిచిన చోట బూజు వస్తూనే ఉంటుంది. మాంగో వానాకాలంలో అది రోజువారీ సంగతి. కాబట్టి ప్లాస్టిక్ కవరులో మూసిపెట్టడం మంచిది కాదు. పాత నూలు చీరలోనో, దుప్పటిలోనో వదులుగా చుట్టి, పది పదిహేను రోజులకోసారి ఎండ కాసిన పూట బయటికి తీసి నీడలో గాలి తగలనివ్వాలి.

నూనె విషయంలో తెలుగింటివాళ్లు తొందరపడే చోటు ఒకటుంది. చేతికి దొరికేది కొబ్బరి నూనె. ఇరవై నాలుగు డిగ్రీల లోపు అది గడ్డకడుతుంది, అంటే మాంగో చలికాలంలో జాకెట్ మీదే తెల్లగా పేరుకుంటుంది, కొన్నాళ్లకు మక్కిన వాసన కూడా వస్తుంది. ఆముదం, కానుగ నూనె మోట తొండానికీ కిర్రు చెప్పులకూ సరిపోయాయి, ఎందుకంటే అది మందపు తోలు. పలచటి గొర్రె తోలు జాకెట్ ఆ జిడ్డును మోయలేక నల్లబడి సాగిపోతుంది. దానికి తోలు కోసమే చేసిన క్రీము బఠాణీ గింజంత చాలు. ముందు మరకా చెమట ఉప్పూ తడి గుడ్డతో తుడిచి, ఆరాక, లోపలి అంచున కనపడని చోట రాసి రంగు మారుతుందేమో ఒక రోజు చూసి, అప్పుడు మిగతా అంతా పలచగా పట్టించాలి. ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు ఒకసారి, చలికి ముందు ఒకసారి. పైన నూగులా ఉండే స్వెడ్ జాకెట్‌కు నూనె, క్రీము ఏవీ వద్దు, మెత్తటి బ్రష్షు ఒక్కటే.

చిరిగిన కుట్టు, ఊడిన జిప్పు, అరిగిన మోచేయి ఇంట్లో బాగుపడవు. అందుకు రోడ్డు పక్క చెప్పులు కుట్టే మనిషే కావాలి. జార్ఖండ్‌లో ఆ పనిలో ఉన్నవాళ్లలో ఎక్కువమంది రవిదాస్‌ను గురువుగా కొలిచే కులంవాళ్లు. తెలుగునాట మాదిగల చేతిలో ఉన్న పొడిచే ఆరె, కోసే రంపె లాంటి పనిముట్లే వాళ్ల పెట్టెలోనూ ఉంటాయి. మిషను కుట్టులో దారం ఒక చోట తెగితే వరసంతా వదులవుతుంది. చేతి కుట్టులో ఆరెతో పొడిచిన ప్రతి రంధ్రంలోంచీ రెండు వైపుల నుంచి దారం పోతుంది, ఒకటి తెగినా రెండోది పట్టి ఉంచుతుంది. వంద రూపాయల కుట్టుతో వేల రూపాయల జాకెట్ మరో పదేళ్లు నడుస్తుంది.

ఈసారి దసరా వెళ్లాక జాకెట్ బయటికి తీసినప్పుడు కొత్తది కొనే ముందు ఒకసారి ఆ మనిషి దగ్గరికి తీసుకెళ్లండి. ఏ నూనె పెట్టాలో, ఎక్కడ కుట్టాలో అతణ్నే అడగండి. అడిగిన కూలి బేరమాడకుండా ఇవ్వండి.